ఆగయ్య పెట్టె శ్రుతి

ఎల్లప్ప చెవులు ఒక్కసారిగా పోలేదు. మొదట పిట్టల కూతలు పోయాయి. ఆ సంగతి ఆయన గమనించనే లేదు. లాల్‌దర్వాజా గల్లీల్లో పిట్టల కోసం చెవి ఒగ్గేది ఎవరు? తర్వాత కుక్కర్ విజిల్ పోయింది. భార్య సుందరమ్మ నల్లా దగ్గర్నుంచి బిందెతో పరుగెత్తుకొచ్చి, "కుక్కర్ ఒర్రీ ఒర్రీ సస్తుంది. పక్కనే కూసున్నవ్, బంద్ చెయ్యరాదా?" అని తిడితే, ఏదో ఆలోచనలో పడి వినలేదనుకున్నాడు. ఆ తర్వాత మెండలిన్ మీద అన్నిటికన్నా సన్నగా ఉండే జంట తీగలు పోయాయి. మీటితే వేలికి తెలుస్తోంది గానీ చెవికి రావడం లేదు. అప్పుడు భయపడ్డాడు.

సర్కారు ఫ్యాక్టరీలో పాతికేళ్లకు పైగా పవర్ ప్రెస్ మీద పనిచేశాడాయన. ఇనుప రేకు మీద అచ్చు పడిన ప్రతిసారీ కాళ్ల కింద నేల అదిరేది. చెవుల్లో పెట్టుకోవడానికి రబ్బరు ముక్కలు ఇచ్చేవాళ్లు. ఎల్లప్ప వాటిని జేబులో వేసుకుని తిరిగేవాడు. అచ్చు పగిలే ముందు మిషన్ చప్పుడు కొంచెం మారుతుంది. ఆ తేడా పట్టినవాడే ఆ మిషన్ మీద పనివాడు. చెవులు మూసుకుని ప్రెస్ నడపడం కళ్లు మూసుకుని సూదిలో దారం ఎక్కించినట్టే అనేవాడు. ఆయన చేతి కింద అచ్చు పగిలిందన్న మాట ఏనాడూ రాలేదు. అందుకు చెవులు ఖర్చయ్యాయి.

చెవుల డాక్టరు నరం దెబ్బతిన్నదన్నాడు, తిరిగి రాదన్నాడు, చెవి మిషన్ పెట్టుకోమన్నాడు. పెట్టుకుంటే మాటలు కొంత తెలిసేవి. పాట మాత్రం వేడి పెనం మీద నీళ్లు చల్లినట్టు వినిపించేది. ఏ స్వరం ఎక్కడ ఉందో ఆ చప్పుడులో ఏమీ తేలేది కాదు. నాలుగు రోజులు పెట్టుకుని తీసేశాడు. ఎడమ చెవిలో ఇంకా కొద్దిగా మిగిలి ఉండటంతో సుందరమ్మ ఆ పక్కకు వచ్చి వంగి గట్టిగా చెప్పేది. మిగతావాళ్ల మాటలు పెదాలు చూసి పట్టుకునేవాడు.

చెవులు పోయినందుకన్నా, కబురు రాకుండా పోతుందేమోనని ఆయన ఎక్కువ భయపడ్డాడు.

ఆ గల్లీ భజన మండలి చావు ఇళ్లకు వెళ్తుంది. పెళ్లిళ్లకూ పండుగలకూ వాయించేవాళ్లు వేరే ఉన్నారు. గల్లీలో పెద్దవయసు మనిషి పోతే పాడె ముందు తత్వాలు పాడుతూ నడవాలి. దినాలు అయ్యేదాకా సాయంత్రాలు ఆ ఇంటి ముందు కూర్చుని పాడాలి. ఎవరూ పైసలు తీసుకోరు. ఆ మండలిలో ఎవరినీ రమ్మని చేర్చుకోవడం ఉండదు, పొమ్మని తీసేయడం ఉండదు. చేతకానివాణ్ణి ముఖం మీద ఎవరూ ఒక్క మాట అనరు. తర్వాతి చావుకు వాడికి కబురు పంపరు, అంతే. వాడు గల్లీ మలుపులో పాట విని తెలుసుకుంటాడు. మర్నాడు ఎదురుపడితే అందరూ ఎప్పటిలాగే "మంచిగున్నవా అన్నా" అంటారు. ఢోలక్ వాయించే ముసలాయనకు చేతులు వణకడం మొదలయ్యాక ఇలాగే జరిగింది. ఆ తర్వాత ఆయన బజారుకు వెళ్లాలన్నా వెనక గల్లీలోంచి చుట్టూ తిరిగి వెళ్లేవాడు.

కబురు పంపేది ఆగయ్య. నీళ్ల డిపార్ట్‌మెంటులో పైపులు వేసి రిటైరైన మనిషి. పాడేదీ ఆయనే, హార్మోనియం వాయించేదీ ఆయనే. దాన్ని అందరూ పెట్టె అనేవాళ్లు. భజన మొదలయ్యే ముందు ఆగయ్య పెట్టె మీద ఒక మెట్టు నొక్కి పట్టుకుంటాడు. ఎల్లప్ప ఆ స్వరానికి మెండలిన్ కలుపుకోవాలి. ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. జంటలో ఒక తీగ వెంట్రుకవాసి తప్పినా రెండూ కలిసి ఏడుస్తాయి. అందరి ముందూ కూర్చుని, వినపడని స్వరానికి వినపడని తీగను కలుపుతున్నట్టు తల ఊపడం ఎల్లప్పకు ప్రాణాంతకంగా తయారైంది.

ఆయన కూతురు మహేశ్వరి మలక్‌పేటలో బట్టల షాపులో పనిచేస్తుంది. ఒక ఆదివారం వచ్చి, చేతిలో చిన్న నల్ల వస్తువు పెట్టింది.

"ఏందిది, బట్టలారేసే క్లిప్పా?" అన్నాడు ఎల్లప్ప.

మహేశ్వరి ఆయన ఎడమ చెవి దగ్గరికి వంగింది. "గట్లనే అనుకో బాపు. నీ తీగలు ఆరేస్తది. ట్యూనర్ అంటరు. నువ్ ఇనుడు అక్కర్లేదు. కట్టెకు పెట్టి మీటుడే."

మెండలిన్ తల మీద తీగలు బిగించే బిరడాల దగ్గర దాన్ని కరిపించింది. చిన్న తెర వెలిగింది. తీగ మీటితే తెర మీద స్వరానికి గుర్తుగా ఒక అక్షరం వచ్చింది, దాని మీద సన్నటి ముల్లు ఎడమ పక్కకు వాలింది. తీగ వదులుగా ఉందని అర్థం. ఎల్లప్ప బిరడా తిప్పుతుంటే ముల్లు మెల్లగా నడుమకు వచ్చి నిలబడింది. ఎర్రగా ఉన్న తెర పచ్చబడింది.

"చుట్టూ ఎంత లొల్లి ఉన్నా దానికి సంబంధం లేదు బాపు. గాలిల చప్పుడు ఇనదు. కట్టెల వణుకు వడ్తది."

ఎల్లప్ప ఆ మాటకు చాలాసేపు తల ఊపాడు. ప్రెస్ మీద చివరి రోజుల్లో ఆయన చేసిందీ అదే. చప్పుడు తెలియనప్పుడు మిషన్ ఒంటి మీద చెయ్యి పెట్టి చూసేవాడు.

అయినా కొత్త పనిముట్టును అలా నమ్మేయడం ఆయన పద్ధతి కాదు. ఒకే తీగను వదులు చేసి మళ్లీ బిగించాడు. మళ్లీ వదిలాడు, బిగించాడు. ప్రతిసారీ బిరడా అదే చోట ఆగినప్పుడు ముల్లు నడుమకు వచ్చింది. అది అబద్ధం చెప్పడం లేదని తేల్చుకున్నాకే జేబులో వేసుకున్నాడు.

ఆ నెలలోనే బుచ్చమ్మ పోయింది. బర్రెలు పెట్టుకుని పాలు పోసే మైసయ్య తల్లి. గల్లీలో సగంమంది ఆమె పోసిన పాలు తాగి పెరిగినవాళ్లే. ఆగయ్య నుంచి కబురు వచ్చింది. ఎల్లప్ప తలుపు దగ్గరికి వేసుకుని, క్లిప్పు పెట్టి ఎనిమిది తీగలూ కలిపాడు. ఎనిమిదింటికీ పచ్చ వచ్చింది. ఎన్నో నెలల తర్వాత గుండె దడ లేకుండా భజనకు నడిచాడు.

మైసయ్య ఇంటి ముందు చాప మీద ఆగయ్య పెట్టె మెట్టు నొక్కి పట్టుకున్నాడు. ఎల్లప్ప ఒక్కసారి తీగ మీటి, కలిసే ఉందన్నట్టు తల ఊపాడు. భజన మొదలైంది. ఆ సాయంత్రం ఆయన భయం లేకుండా, చేతి నిండా వాయించాడు. ఇన్నాళ్లూ తప్పు దొర్లుతుందేమోనని అణిచి మీటినవాడు వదిలిపెట్టి మీటాడు. ఎదురుగా బుచ్చమ్మ కూతురు సుశీలమ్మ కొంగు రెండు చెవుల మీదికి లాక్కుని తల వంచేసింది. తల్లి గుర్తొచ్చి ఏడుస్తోందనుకున్నాడు. మైసయ్య లేచి బర్రెల కొట్టం వైపు పోయాడు. దుఃఖం ఆపుకోలేక పోయాడనుకున్నాడు. ఇంకా మనసు పెట్టి వాయించాడు.

కొంతసేపటికి ఆగయ్య ఆయన వైపు అదోలా చూశాడు. తర్వాత పెట్టె తిత్తి మూసి కొక్కెం పెట్టేశాడు. పెట్టెను వెనక్కి నెట్టి, మోకాలి మీద చెయ్యి వేసుకుని, మిగతా పాటలన్నీ వట్టి గొంతుతో పాడాడు. తిత్తి చినిగినట్టుంది, పాపం, అనుకున్నాడు ఎల్లప్ప.

మర్నాడు పొద్దున ఆగయ్య ఆటోలో పెట్టె వేసుకుని వచ్చాడు. చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి ఎల్లప్ప ఎదురుగా జరిగాడు.

"ఏం రా ఎల్లిగా, నిన్న నాతోని ఏం పంచాయితీ నీకు?"

"పంచాయితీ ఏందన్నా?"

"నీ మెండలిన్ ఒక తొవ్వ, నా పెట్టె ఒక తొవ్వ. ఆ ఏడ్పుకు బుచ్చమ్మ లేచి ఉరుకుతదనుకున్న."

ఎల్లప్ప ముఖం ఎర్రబడింది. లోపలికి వెళ్లి మెండలిన్ తెచ్చి, క్లిప్పు పెట్టి ఒక్కో తీగా మీటాడు. "చూడు. ఇది పచ్చ. ఇది పచ్చ. ఏది తప్పింది చెప్పు!"

ఆగయ్య తెర వైపు చూడలేదు. ఎల్లప్ప ముఖమే చూశాడు.

"చెవులు ఎన్నడు పోయినయ్ రా?"

ఎల్లప్ప ఆగయ్య పెదాలు చూశాడు, మాట అర్థమైంది, అర్థం కానట్టు ఉండిపోయాడు. గుమ్మంలో నిలబడ్డ సుందరమ్మ చెప్పింది. "పోయి మస్తు దినాలైంది అన్నా. ఎవలకు చెప్పనియ్యడు. చెప్తే కబురు రాదని బుగులు."

 ఆగయ్య పెట్టె తెరిచి, మెట్టు నొక్కి, చెవి పక్కకు పెట్టి, ఎల్లప్ప తీగ ఒకటి తానే మీటాడు. మళ్లీ మెట్టు నొక్కాడు. ఏదో తట్టినట్టు నవ్వాడు.

"నీ క్లిప్పు తప్పు చెప్తలేదు. నా పెట్టెనే ఎక్కువ పలుకుతుంది. ఎన్కట దీని లోపటి ఇత్తడి రీడ్లు గీకిచ్చిన, యాదికుందా? అప్పటిసంది ఇది జర మీదికి ఎక్కి కూసుంది. మీరందరు దీనికే కలుపుకుంటిరి, ఎవలకు తెల్వలే. దునియా శ్రుతి వేరే, మన గల్లీ శ్రుతి వేరే."

క్లిప్పును పెట్టె ముందు పలకకు కరిపించారు. ఆగయ్య తిత్తి ఊపుతూ మెట్టు నొక్కి పట్టుకున్నాడు. ముల్లు నడుమ దాటి కుడికి వాలింది. క్లిప్పు వెనక రెండు చిన్న గుండీలు ఉన్నాయి. ఒకటి నొక్కితే తెర మూలన నాలుగొందల నలభై అన్న దునియా శ్రుతి అంకె ఒక్కొక్కటే పెరుగుతుంది, ఇంకోటి నొక్కితే తగ్గుతుంది. ఎల్లప్ప మొదటిది నొక్కుతూ పోయాడు. ముల్లు కొంచెం కొంచెం వెనక్కి జరిగింది. నాలుగొందల నలభై ఏడు దగ్గర నడుమకు వచ్చి పచ్చబడింది.

"ఇగో, నా పెట్టె నంబరు దొరికింది," అన్నాడు ఆగయ్య.

ఎనిమిది తీగలూ ఆ అంకె మీద మళ్లీ కలిపారు. ఆగయ్య ఒక తత్వం ఎత్తుకున్నాడు. ఎల్లప్ప పెట్టె మూత మీద ఒక అరచెయ్యి ఆనించి ఆ అదురు చూశాడు, తర్వాత వాయించాడు. ఆగయ్య కళ్లు మూసుకుని తల ఊపాడు. నిన్న సాయంత్రం తల ఊపనివాడు ఇవాళ ఊపాడంటే కలిసిందని ఎల్లప్పకు తెలిసింది.

వెళ్లేముందు ఆగయ్య ఆయన భుజం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు, పెదాలు కనపడేలా.

"మండలిల ఎవలకు చెప్ప. గని నాదొక మాట. నేను పోయిన్నాడు పాడె ముందట నీ మెండలిన్ ఉండాలె. లేకుంటే నేను కదల, చూస్కో. నలుగురు కాదు, నలభై మంది వచ్చినా లేవ."

"నీ నోట్లె మన్నువడ, పొద్దుపొద్దున గదేం మాటన్నా," అంది సుందరమ్మ.

"ఉంట," అన్నాడు ఎల్లప్ప.

మండలిలో బుచ్చమ్మ ఇంటి సంగతి ఎవరూ మరిచిపోలేదు. తర్వాతి చావుకు ఎల్లప్పకు కబురు వద్దని ఇద్దరు ముగ్గురు ఆగయ్యతో అన్నారు. "ఆయనకు పంపకుంటే నాకు గూడ పంపకున్రి," అన్నాడు ఆగయ్య. ఆయన లేకుండా మండలే లేదు గనక అందరూ నోళ్లు మూసుకున్నారు. తర్వాత ఎల్లప్ప తీగలు పెట్టెతో కలిసే పలికాయి గనక ఆ మాట మళ్లీ రాలేదు. మోకాలు పెట్టెకు ఆనించి కూర్చునేవాడు. తిత్తి ఊపు కాలికి తెలిసేది. ఎత్తుకోవడం, ఆపడం ఆగయ్య గడ్డం చూసి పట్టుకునేవాడు. ఎండాకాలం, వానాకాలం అలా గడిచాయి. గల్లీలో ముసలివాళ్లు పోతూనే ఉన్నారు, కబురు వస్తూనే ఉంది.

చలి మొదలయ్యేసరికి ఆగయ్యకు ఆయాసం ఎక్కువైంది. రెండు పాటలకోసారి ఆగేవాడు. ఒక పొద్దున ఆయన తమ్ముడి కొడుకు నందు ఎల్లప్ప ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఏదో అన్నాడు. సుందరమ్మ చెవిలో చెప్పక ముందే ఎల్లప్ప ఆ పెదాల మీద చదివాడు. "పెద్దబాపు పోయిండు కాకా."

ఏడవడానికి ఆయనకు తీరిక లేదు. తలుపు దగ్గరికి వేసుకుని మెండలిన్ తీశాడు. రెండు తీగలు పాతబడ్డాయని మార్చాడు. కొత్త తీగలు సాగుతాయి గనక లాగి లాగి సాగదీశాడు. నాలుగొందల నలభై ఏడు మీద ఎనిమిదీ పచ్చ వచ్చేదాకా కలిపాడు. కొంచెంసేపు ఆగి మళ్లీ చూశాడు. ఒకటి కొద్దిగా దిగింది. ఎక్కించాడు. అన్నీ పచ్చ.

ఆగయ్య ఇంటి ముందు జనం నిండి ఉన్నారు. పెట్టె ఆయన తల పక్కన మూసి ఉంది, మీద బంతిపూల దండ. పోయినవాడి వాద్యం దినాలు అయ్యేదాకా తెరవకపోవడం మండలి ఆచారం. పెట్టె బదులు నందు తన కీబోర్డు తెచ్చాడు. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు వాయిస్తాడు, గొంతు కూడా మంచిదే. ట్రాలీ ఆటో మీద కీబోర్డు, స్పీకర్, బ్యాటరీ కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఎల్లప్ప అవి చూశాడు. చూసి కూడా ఆయనకు ఏమీ తోచలేదు. పాడె ముందు ఉంటానన్నాడు, ఉన్నాడు. ఆయన మనసులో అదొక్కటే ఉంది.

పాడె లేచింది. నందు ఎత్తుకున్నాడు. ఎల్లప్ప అందుకున్నాడు.

నాలుగు అడుగులు వేయకముందే నందు నుదురు ముడిపడింది. కీబోర్డు మీద ఏదో గుండీ తిప్పాడు. స్పీకర్ వైరు కదిపి చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి మెండలిన్ వైపు చూశాడు. పక్కన ఢోలక్ వాయించేవాడు నేల చూపులు చూస్తున్నాడు. ఇంటి ముందు నిలబడ్డ ఒక ముసలామె కొంగు చెవుల దగ్గరికి పోయింది.

ఆ కొంగు ఎందుకు పోయిందో ఎల్లప్పకు ఈసారి తెలుసు.

 నడుస్తూనే లెక్క కట్టుకున్నాడు. నాలుగొందల నలభై ఏడు ఆగయ్య పెట్టె శ్రుతి. ఆ పెట్టె దండ వేసుకుని ఇంట్లో ఉంది. నందు కీబోర్డు రీడ్లను ఎవరూ గీకించలేదు. అసలు దానికి రీడ్లే లేవు. అది తయారైన చోటి నుంచే దునియా శ్రుతిలో వచ్చింది. ఇన్ని నెలలు పచ్చ లైటు చూసి చూసి, ఆ పచ్చ ఒక్క పెట్టెకు మాత్రమే నిజమన్న సంగతి తాను మరిచిపోయాడు. నందును ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే చెవుల సంగతి బయటపడేది.

ఇప్పుడు సరిచేయాలంటే క్లిప్పు పెట్టాలి, అంకె దించాలి, ఎనిమిది తీగలూ ఒక్కొక్కటే మీటుతూ దించాలి. పాడె ముందు నడుస్తూ, ఇంతమంది చూస్తుండగా అది ఎలా కుదురుతుంది? చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్లు పాడెను చూసి కప్పులు కింద పెట్టి లేచి నిలబడ్డారు. హోటల్ సేటు టోపీ సరిచేసుకుని చేతులు కట్టుకున్నాడు. ఎల్లప్ప మీటడం తగ్గించాడు. దింపుడు కల్లం దాకా ఎలాగో లాగుదామనుకున్నాడు. అక్కడ పాట ఆగుతుంది. పక్కకు జరిగి కలుపుకోవచ్చు.

శ్మశానానికి కొంచెం ఇవతల పాడె దింపారు. నందు ఆపాడు. ఢోలక్ ఆగింది, తాళాలు ఆగాయి. ఎల్లప్ప ఒక మూసిన షట్టర్ పక్కకు జరిగి, క్లిప్పు తీసి బిరడాల దగ్గర కరిపించాడు. తగ్గించే గుండీ నొక్కాడు. అంకె దిగుతూ నాలుగొందల నలభై దగ్గర ఆగింది. ఇక మీటడమే. చెయ్యి ఎత్తాడు.

ఆగయ్య పెద్ద కొడుకు పాడె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. తండ్రి చెవి దగ్గరికి వంగాడు. దింపుడు కల్లంలో పోయినవాళ్లను మూడుసార్లు పిలుస్తారు, ఒకవేళ ప్రాణం ఎక్కడైనా ఉండి పలుకుతుందేమోనని. కొడుకు మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరుచుకుంది. బాపూ. చుట్టూ ఉన్న జనమంతా తలలు కొద్దిగా వంచి, జవాబు కోసం చెవులు పెట్టి నిలబడ్డారు. ఎల్లప్పకు ఆ నిశ్శబ్దం వినపడదు, కానీ కనపడింది. ఎవరి కాలూ కదలడం లేదు. చంకలో పిల్లవాడు ఏడుస్తాడేమోనని ఒకామె వాడి నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

ఇప్పుడు తీగ మీటితే అది అందరికీ వినపడుతుంది. శ్రుతి తప్పిన తీగ, ఒక్కొక్కటే, పిలుపుకూ పిలుపుకూ నడుమ.

కొడుకు రెండోసారి వంగాడు. మూడోసారి వంగాడు. రోజూ పొద్దున సుందరమ్మ తన చెవి దగ్గర ఇలాగే వంగుతుంది. ఎల్లప్ప ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. ఏమీ మీటకపోయేసరికి క్లిప్పు తెర కొంతసేపు ఖాళీగా వెలిగి దానంతటదే ఆరిపోయింది.

పాడె మళ్లీ లేచింది. నందు ఎత్తుకున్నాడు. ఎల్లప్ప క్లిప్పు జేబులో వేసుకుని పాడె ముందుకు వచ్చి తన చోట నిలబడ్డాడు.

అక్కడి నుంచి ఆయన తీగ ముట్టలేదు. కుడిచెయ్యి తీగలకు వేలెడు ఎత్తున ఆడింది. ఎడమచేతి వేళ్లు మాత్రం ఒక్క మెట్టు తప్పకుండా ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. తత్వం మారితే వేళ్లు మార్చాడు. చరణం తిరిగితే తిప్పాడు. గమకం ఉన్నచోట తీగను నొక్కి వేలు ఊపాడు. పలకని పాటలో కూడా తప్పు పోనివ్వలేదు. ఎవరైనా ఇప్పుడు చూస్తారు, ఇప్పుడు చెయ్యి పట్టుకుని ఆపుతారు అనుకుంటూనే శ్మశానం గేటు దాటాడు. ఎవరూ ఆపలేదు.

అంతా అయ్యాక నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే నందు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఎల్లప్ప సిద్ధంగానే ఉన్నాడు.

"కాకా," అన్నాడు నందు, రెండు చేతులూ పట్టుకుని. "సురువుల జర కలవలే గని, దింపుడు కల్లం కాడికెల్లి మస్తు సెట్టయింది. పెద్దబాపు ఖుష్ అయ్యుంటడు."

"ఏమన్నవ్?"

నందు ఇంకా పెద్దగా అదే మాట అన్నాడు. ఎల్లప్ప ఆ ముఖంలో వెటకారం కోసం వెతికాడు. కళ్లు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. అందులో వెటకారం లేదు.

ఇంటికి వచ్చాక ఎల్లప్ప స్నానం చేసి, తినకుండా పడుకున్నాడు. దోస్తు పోయిన బాధ అనుకుని సుందరమ్మ కదిలించలేదు. దినాలు జరిగినన్ని సాయంత్రాలూ ఒళ్లు బాగాలేదని చెప్పించాడు. మహేశ్వరి ఫోన్ చేసి అడిగితే, బాపు ముభావంగా ఉన్నడని చెప్పింది సుందరమ్మ. "ఆగయ్య లేడు గద, ఇగ కబురు రాదని ఫికర్ వట్టింది."

కబురు వచ్చింది. పూల దుకాణం ముసలామె పోయింది. మండలి ఇప్పుడు నందు చేతుల్లో ఉంది. నందు స్వయంగా స్కూటర్ మీద వచ్చాడు. సుందరమ్మ సంబరంగా లోపలికి పోయి భర్త చెవిలో వంగింది. "చూసినవా, ఉత్తగనే బుగులువడ్తివి. నందు వచ్చిండు నీ కోసం."

ఎల్లప్ప మంచం మీద మెండలిన్ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బిరడాల దగ్గర క్లిప్పు ఉంది. నందు చెప్పులు విడిచి లోపలికి వచ్చి చూసి, కలుపుతున్నాడనుకుని ఆగాడు. తర్వాత తెర వైపు వంగాడు. ఎల్లప్ప తీగ మీటి బిరడా వెనక్కి తిప్పుతున్నాడు. తెర మీద అక్షరం ఒకటి మారి దాని కింది అక్షరం వస్తోంది. మళ్లీ తిప్పితే మళ్లీ ఇంకోటి. తీగ మరీ వదులైపోయాక ముల్లు అటూఇటూ కొట్టుకుని ఏ అక్షరమూ లేకుండా ఆగుతోంది. అప్పుడు పక్క తీగకు వెళ్తున్నాడు. వాయించని మెండలిన్‌కు తీగలు బిగించి ఉంచితే మెడ వంగిపోతుంది. తీసి పక్కన పెట్టేవాళ్లు ఇలాగే వదులు చేసి పెడతారు.

"ఏంది కాకా, ఇప్పుతున్నవ్? అవుతల అందరు జమైన్రు."

ఎల్లప్ప తలెత్తి నందు పెదాల మీదే చూపు నిలిపాడు. "నందూ, నాకు ఇనవడదు. చెవులు పోయి మస్తు దినాలైంది. మీ పెద్దబాపుకు ఎరుకే."

నందు సుందరమ్మ వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది.

"ఆయన పోయిన్నాడు దింపుడు కల్లం దాటినంక నేను తీగ ముట్టలే. ఉత్తగ చెయ్యి ఊపిన."

"అదేంది కాకా," అన్నాడు నందు. "నాకైతే ఇనవడ్డది. మంచిగ ఇనవడ్డది."

ఎల్లప్ప ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు. నందు చెప్పాడు. రెండోసారి చెప్పేటప్పుడు నందు గొంతు తగ్గిందని సుందరమ్మకు తెలిసింది. ఎల్లప్ప ఆఖరి తీగ కూడా వదిలాడు. మెండలిన్‌ను సంచిలో పెట్టి, మూతి తాడు కట్టి, గూట్లో నిలబెట్టాడు. చొక్కా వేసుకోవడానికి లేచాడు.

"మెండలిన్ రాదు. నేనస్త."

"ఉత్తగ వచ్చి ఏం జేస్తవ్ కాకా?"

"మోస్త."

నందు ఆయన భుజాల వైపు చూశాడు. ప్రెస్ మీద రేకులు ఎత్తి దించిన భుజాలు. ఇప్పుడు కొంచెం వంగాయి.

"పాడెకు ఎడమ దిక్కు ఒకలు తక్కువున్నరు," అన్నాడు. సుందరమ్మ దండెం మీది తువ్వాలు తెచ్చి ఇచ్చింది.